కనబడని పొర - వినబడని ధ్వని

నా చిన్నతనమున మా అమ్మ సంతలో కుండలు ఏరుకొను తీరు నాకిప్పటికిని కన్నులయెదుట నిలిచియున్నది. ఆమె కుండను ఎడమచేత ఎత్తి పట్టుకొని, కుడిచేతి వ్రేలిని మడిచి, కణుపుతో రెండుసార్లు కొట్టి చూచెడిది. ఖంగున మ్రోగినచో తీసికొనెడిది. బొంగురుగా పలికినచో మారుమాటాడక క్రింద నుంచెడిది. "ఎక్కడను పగులు లేదుగదా, ఏల వలదంటివి?" అని నేనొకసారి అడిగితిని. "కంటికి కనబడని పగులు చెవికి వినబడునురా, నాయనా" అని ఆమె చెప్పెను. అక్షరము నేర్వని మా తల్లి పలికిన ఆ మాటలో ఎంత శాస్త్రమున్నదో తెలిసికొనుటకు నాకు ఒక జీవితకాలము పట్టినది.

నేను తెలుగు పండితుడను. శబ్దమనగా నాకు వ్యాకరణములోని శబ్దమే గాని, భౌతికశాస్త్రములోని శబ్దముతో పరిచయము తక్కువ. ఐనను ఉపాధ్యాయవృత్తిలో నున్నవానికి ఒక్కొక్కనాడు తనది కాని పాఠమును చెప్పవలసి వచ్చును. ముప్పది యేండ్లక్రిందట ఒకనాడు సామాన్యశాస్త్రము బోధించు మిత్రుడు సెలవులో నుండుటచే, నేను ఎనిమిదవ తరగతికి పోవలసివచ్చినది. మాది గుంటూరు ప్రాంతపు పాఠశాల. ఏమి చెప్పుదునా యని యాలోచించి, ఆ యూరి ఘనతను చాటు కథ నొకటి చెప్పితిని.

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన మన దేశమున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని చూచుటకై జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రములు దాటి గుంటూరునకు వచ్చెను. వర్ణపటదర్శినితో సూర్యుని అంచుననున్న జ్వాలలను పరీక్షించి, వాని కాంతిలో మెరయు రేఖలను కనుగొనెను. ఆ సంవత్సరమే అక్టోబరులో ఇంగ్లండున లాకియరు అను నాతడు గ్రహణము లేనప్పుడే ఆ జ్వాలలను పరీక్షించెను. వానిలోని పసుపుపచ్చని రేఖ యొకటి భూమిపై తెలిసిన ఏ మూలకమునకును చెందినది కాదని తేలినది. ఆ క్రొత్త మూలకమునకు సూర్యుని గ్రీకు నామమునుబట్టి హీలియమని పేరిడిరి. 1895లో రామ్సే అను శాస్త్రజ్ఞుడు దానిని ఒక ఖనిజమునుండి వెలువరించువరకు, భూమిపై ఎవరును దానిని చేజిక్కించుకొనలేదు.

నేను గర్వముతో కథ ముగించితిని. వెనుక బల్లపైనున్న బాలుడొకడు లేచి, "మాస్టారూ, చేతికి చిక్కని వస్తువు ఉన్నదని సరే, అది ఎంత యున్నదో ఎట్లు కొలుతురు?" అని యడిగెను.

నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. "పాఠములో లేని ప్రశ్నలు వేయకుము. కూర్చుండుము" అని గద్దించితిని. తరగతి గొల్లున నవ్వెను. వాడు కూర్చుండెను. ఆ సంవత్సరము ముగియువరకు వాడు నా తరగతిలో మరల ఒక ప్రశ్నయైనను వేయలేదు. ఆ సంగతి నేను గమనింపకపోలేదు. మనసులో ముల్లువలె గ్రుచ్చుకొన్నది. ఐనను వానిని పిలిచి మాటాడితినా? లేదు. పెద్దరికము అడ్డువచ్చినది.

నేను ప్రధానోపాధ్యాయుడనై, పదవీవిరమణ చేసిన పిమ్మట ఒకనాడు నాకొక ఉత్తరము వచ్చినది. "మాస్టారూ, మీరు చెప్పిన గుంటూరు వాయువుతోనే నేనిప్పుడు పనిచేయుచున్నాను. ఒక్కసారి వచ్చి చూడుడు" అని అందున్నది. వ్రాసినవాడు ఆ బాలుడే. కొంత సంతోషముతోను, అంతకు మించిన సంకోచముతోను బయలుదేరితిని.

ఆ ప్రయోగశాలలో మొదట నాకు వినవచ్చినది పంపుల రొద. గదినడుమ నిలువెత్తు లోహపాత్ర యొకటి యున్నది. అది ఉష్ణము లోనికి చొరకుండ రెండు గోడలతో చేయబడినది. గోడలనడుమ గాలి లేదు. "దీనిలో ద్రవ హీలియమున్నది, మాస్టారూ. దీనిని మొట్టమొదట ద్రవముగా మార్చినవాడు కామర్లింగ్ ఓన్నెస్. హాలండు దేశములోని లైడెన్ నగరమున 1908 జూలై 10వ తేదీన ఆ పని సాధించెను. అది మరుగునదే సున్నకు దిగువ 269 డిగ్రీలవద్ద. ఇంకను చల్లబరచుటకు ఆ పంపులు దాని ఆవిరిని లాగివేయుచుండును. మన కూజాలోని నీరు ఆవిరి యగుటచేతనే గదా చల్లబడును? ఇదియు నట్లే" అని అతడు చెప్పెను. కూజామాట వినగానే నాకు ధైర్యము కలిగినది.

పిమ్మట అతడు హీలియము వింతలను వర్ణించెను. శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతను పరమ శూన్యమునుండి కెల్విన్లలో లెక్కింతురు. 2.17 కెల్విన్లకు దిగువ ద్రవ హీలియము జిగట లేనిదై, నీరు దూరలేని సన్నని రంధ్రములగుండ కూడ అడ్డులేక పారును. దీనినే అతిద్రవత్వమందురు. మాస్కోలో కపిత్సాయు, కేంబ్రిడ్జిలో ఆలెన్, మైసెనర్ అనువారును దీనిని కనుగొని 1938లో ప్రకటించిరి. అట్టి ద్రవమును గిన్నెలో ముంచి పైకెత్తినచో, అది పలుచని పొరయై గిన్నెగోడల వెంబడి తనంతట తాను ప్రాకి, అంచు దాటి, వెలుపలి ప్రక్కగా దిగి, అడుగునుండి బొట్టుబొట్టుగా రాలును. కొంతసేపటికి గిన్నె వట్టిదగును. ఆ పొర మందము మన తల వెంట్రుక మందములో సుమారు రెండువేలవ వంతు మాత్రమే.

"మేము పరీక్షించు పొర దానికంటెను పలుచనిది. కొన్ని పరమాణువుల మందము మాత్రమే యుండును" అనెను.

"అంత పలుచని దానిని ఏ కొలబద్దతో కొలుతువు, నాయనా?" అని నేనడిగితిని. అడిగిన తరువాతగాని, ఆనాడు వాడు నన్నడిగిన ప్రశ్ననే నేడు నేను వానిని అడిగితినని నాకు స్ఫురింపలేదు. అతడు చిరునవ్వు నవ్వి, బల్లపైనుండి తెల్లని పొడిని బిళ్లగా నొత్తిన దానిని తీసి నా అరచేతిలో పెట్టెను.

"మొదటి ఉపాయమిది. పొర పలుచనిదైనచో, అది పరచుకొను చోటును పెంచవలెను. ఒక సెంటీమీటరు భుజముగల ఘనమునకు ఆరు చదరపు సెంటీమీటర్ల ఉపరితలము మాత్రమే యున్నది. దానిని మిల్లీమీటరు ఘనములుగా కోసినచో వేయి ముక్కలగును. వాని ఉపరితలము మొత్తము 60 చదరపు సెంటీమీటర్లు. మిల్లీమీటరులో వేయవవంతు ముక్కలుగా చేసినచో ఆరు చదరపు మీటర్లు. అందుచేతనే మెత్తని పొడిని ఎన్నుకొందుము. ఈ బిళ్లలోనికి హీలియము వాయువును కొలిచి కొలిచి కొంచెము కొంచెముగా వదలుదుము. పొడిలోని ప్రతి రేణువును దానిని తనపైకి ఆకర్షించి పొరగా కప్పుకొనును. దీనికి అధిశోషణమని పేరు. మొదటి వరుస పరమాణువులు రేణువును గట్టిగా పట్టుకొని, ఘనపదార్థమువలె కదలక యుండును. తరువాతి వరుసలలోనివే స్వేచ్ఛగా పారగలవు."

"రెండవ ఉపాయమేది?"

"ధ్వని, మాస్టారూ. మనుష్యుని చెవి సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినలేదు. మేము పంపునది సెకనుకు లక్షలకొలది కంపనములుగల అతిధ్వని. క్వార్ట్జ్ స్ఫటికపు పలకకు విద్యుత్తు నిచ్చినచో అది కంపించును. కంపింపజేసినచో విద్యుత్తు నిచ్చును. వీనిలో రెండవ గుణమును 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. బిళ్లకు ఈ ప్రక్క నొకటి, ఆ ప్రక్క నొకటి పలకలను అతికించితిమి. ఒకటి పలుకును, రెండవది వినును."

అతడు మీట నొక్కెను. నా చెవికేమియు వినబడలేదు. కాని తెరపై ఒక గీత శిఖరమువలె లేచి దిగినది. వెంటనే దానికంటె చిన్నదొకటి. దానివెనుక ఇంకను చిన్నదొకటి. లోతైన బావిలో తొంగిచూచి కేక వేసినప్పుడు వచ్చు ప్రతిధ్వనులవలె నున్నవి. ధ్వని బిళ్లలో ముందువెనుకలకు పోవుచు వచ్చుచు, ప్రతి పర్యాయమును కొంత శక్తిని కోల్పోవుచున్నదట. ఆ నష్టమునే ధ్వనిక్షీణత యందురు. దానిని డెసిబెల్లలో లెక్కింతురు. పది డెసిబెల్లు తగ్గినచో శక్తి పదియవ వంతునకు, ఇరువది తగ్గినచో నూరవ వంతునకు దిగినదన్నమాట.

"ఐతే ఆ నష్టమంతయు హీలియము పొరవలననే కలిగినదా?" అని యడిగితిని.

"అందరును మొదట పొరబడు చోటిదే! పొడి తానును ధ్వనిని మ్రింగును. రేణువుల సందులలో చెదరిపోవునది కొంత, అతికించిన చోట నశించునది కొంత. కావున హీలియము లేకుండ వట్టి పొడిని అన్ని ఉష్ణోగ్రతలయందును మొదట కొలిచి వ్రాసికొందుము. తరువాత పొరతో కొలిచి, మొదటిదానిని తీసివేయుదుము. మిగిలినదే పొరకు చెందినది. వట్టి పొడి లెక్క తప్పినచో, పైనున్న లెక్కయంతయు తప్పే. నెలలకొలది శ్రమ ఆ వట్టి పొడి లెక్కతోనే గడచును."

ధ్వని క్షీణించుటయే గాక, దాని వేగమును మారునని అతడు చెప్పెను. దానిని నేను మృదంగముతో పోల్చుకొంటిని. వాయించుటకు ముందు విద్వాంసుడు ఎడమవైపు మూతకు రవ్వముద్దను అద్దును. ఆ బరువుతో చర్మము నెమ్మదిగా కంపించి, గంభీరముగా పలుకును. అట్లే హీలియము పొర బరువు పొడిరేణువులపై పడగానే, ధ్వని కొంచెము మెల్లగా నడచును. కాని చలి పెంచుచు పోగా, ఒకచోట పొర అతిద్రవమగును. అప్పుడు దానిలో కొంతభాగము రేణువులతో కూడ ఊగుట మానును. జిగట లేనివానిని ఎవరు పట్టి లాగగలరు? రవ్వముద్దలో కొంత రాలిపోయినట్లు బరువు తగ్గి, ధ్వనివేగము మరల హెచ్చును. ఆ మార్పును చూచి, పొరలో ఎంతభాగము అతిద్రవమైనదో లెక్కింతురు. పొర ఎంత పలుచనిదైన, ఆ మార్పునకు అంత ఎక్కువ చలి కావలెను.

ఈ మార్పు ఎట్లు కలుగునో కోస్టర్లిట్జ్, థౌలెస్ అను నిరువురు 1973లో వివరించిరి. పొరలో మిక్కిలి చిన్న సుడులు పుట్టుచుండును. చలిలో అవి జంటలుజంటలుగా కట్టుబడియుండును. కొంత వేడి తగులగానే జంటలు విడిపోయి, సుడులు తిరుగాడి, అతిద్రవత్వమును చెరచును. 1978లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున బిషప్, రెప్పీ అనువారు పలుచని ప్లాస్టిక్ పట్టీని చాపవలె చుట్టి, దానిపై హీలియము పొరను నిలిపి, అటునిటు మెలితిప్పి ఊపి, ఆ సిద్ధాంతమును బలపరచిరి. మార్పు జరుగుచోట ఊపుయొక్క శక్తి ఎక్కువగా నష్టమగుటను వారు చూచిరి. ఆ సిద్ధాంతకర్తలకు, హాల్డేన్ అను మరియొకరికి కలిపి 2016లో నోబెల్ బహుమానము లభించినది.

సాయంకాలము తేనీరు త్రాగుచుండగా నేను మనసు విప్పితిని. "నాయనా, ఆనాడు నిన్ను కూర్చుండుమని గద్దించినది నాకు తెలియకపోవుటచేతనే. అది నా తప్పు" అంటిని.

అతడు కొంతసేపు మాటాడలేదు. "నేను ఆ ప్రశ్నను నోటుపుస్తకము వెనుక వ్రాసికొంటిని, మాస్టారూ. అది నన్ను విడువలేదు. కాని నా ప్రక్కన కూర్చుండినవాడు ఆనాడు మరియొకటి అడుగవలెనని సగము లేచెను. నేను కూర్చుండుట చూచి తానును కూర్చుండెను. మొన్న కలసినప్పుడు అదేమని అడిగితిని. వానికి జ్ఞాపకము లేదు" అనెను.

తిరుగు ప్రయాణములో రైలుకిటికీ ప్రక్కన కూర్చుండి నేను ఆలోచించినది ఆ రెండవ బాలుని గూర్చియే. పరమాణువుల మందముగల పొర తీసికొన్న ధ్వనిని కూడ లెక్కింపవచ్చును. ఏలయన, పంపినది ఎంతయో మనకు తెలియును. నోటినుండి వెలువడకముందే అణగిన ప్రశ్నకు లెక్క ఎక్కడిది? ఇన్నాళ్లును నా పిల్లలు ప్రశ్నలు వేయరని, వారికి ఆసక్తి లేదని నేను తలచితిని. వట్టి పొడిని కొలువకయే హీలియమును నిందించినవాడనైతిని.

ఇప్పుడు నేను వారమునకు రెండు దినములు మా యూరి గ్రంథాలయములో పిల్లలతో కూర్చుండుచున్నాను. మొన్న ఒక బాలిక, "తాతగారూ, కుండ పగిలినచో ధ్వని ఏల మారును?" అని యడిగెను. "నాకు పూర్తిగా తెలియదమ్మా. రమ్ము, వెదకుదము" అంటిని. ఆ మాట పలుకుట నేననుకొన్నంత కష్టముగా లేదు. ఆమె పుస్తకము తెచ్చుటకు లేచెను. ఆమె ప్రక్కనున్నవాడు చేయి పైకెత్తెను.