విత్తనం సంచి తిప్పి చూసేటోళ్లం, ఫోన్ల మందు ఎట్ల నమ్మినం?

బోయినపల్లి మార్కెట్ల టమాట ధర గురించి రాయమని కొందరు అడిగిండ్రు. అది రేపు రాస్త. ఇయ్యాల నా తప్పు ఒకటి ఒప్పుకునేది ఉన్నది. పోస్టు జర పొడుగే, ఓపిక చేసుకొని చదువుండ్రి.

పోయిన ఎండాకాలం ఈ పేజీల నేనొక లింకు పెట్టిన, మీకు యాదికుండొచ్చు. "నలభై రోజుల్ల షుగర్ మాయం" అని. మీల శానమంది షేర్ కూడ చేసిండ్రు. ఆ పొడి నేను కూడ తెప్పించుకున్న. నాకు షుగర్ వచ్చి ఆరేండ్లాయె. పొద్దుమాపు గోలీలేసుకునుడు ఇసుగొచ్చింది. ఆ వెబ్‌సైట్ల "గోలీలు కిడ్నీలను తినేస్తయి, ఇయ్యాల్నే బంద్ పెట్టుండ్రి" అని రాసి ఉంటే, నిజంగనే బంద్ పెట్టిన. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే.

రెండు నెలలు బాగనే ఉన్నట్టనిపిచ్చింది. నాట్లప్పుడు మడిల దిగితే కాలుకు తుమ్మముల్లు గుచ్చుకున్నది. నొప్పి పెద్దగ తెల్వలే, అందుకే పట్టించుకోలే. వారానికి బొటనవేలు నల్లబడ్డది. మా ఇంటామె చూసి లొల్లి పెడితే దవాఖానకు పోయినం. మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష ఉంటది గదా, హెచ్‌బీఏవన్‌సీ, అది 11 దాటింది. మామూలుగ మాలాంటోళ్లకు 7 లోపల ఉండాలంటరు. వేలు తీసేయాల్సి వస్తదేమో అని డాక్టరమ్మ అంటే మా ఇంటామె అక్కడ్నే కూలబడ్డది.

వేలు దక్కింది, గోరు పోయింది. డాక్టరమ్మ నన్ను తిట్టలే. ఒక్కటే అడిగింది: "ఆ వెబ్‌సైట్ ఎవరిది పెద్దాయనా?" నాకు జవాబు రాలే. "విత్తనం కూడ గిట్లనే కొంటవా?" అన్నది. ఆ మాట ముల్లుకంటె లోతుగ దిగింది.

ఇంటికొచ్చి మంచంల పండుకొనే ఆ వెబ్‌సైట్ మళ్ల తెరిచిన. పక్కన వరి విత్తనం సంచి ట్యాగ్ పెట్టుకున్న. ట్యాగ్ మీద మనం ఏం చూస్తం? లాట్ నంబరు, పరీక్ష చేసిన తేది, ఎప్పటిదాక పనికొస్తదో, మొలకశాతం వరికి 80కి తగ్గొద్దు, కంపెనీ అడ్రసు. ధ్రువీకరించిన విత్తనమైతే నీలిరంగు ట్యాగ్. పైనుంచి బిల్లు అడిగి జేబుల పెట్టుకుంటం, మొలవకపోతే వ్యవసాయాధికారి దగ్గరికి పట్టుకపోవాలె గదా.

ఇగ వెబ్‌సైట్ల చూస్తే, రాసిన తేది లేదు. "ఆఫర్ ఈ రాత్రితోనే ఆఖరు" అని మాత్రం ఉన్నది, వారం తర్వాత చూసినా అదే రాత్రి! తెల్లకోటేసుకున్నాయన ఫోటో ఉన్నది, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. అల్లోపతి డాక్టరైతే నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్ల పేరు వెతికి చూడొచ్చంట, మా పిల్లగాడు చూపెట్టిండు. అడ్రసు లేదు, వాట్సాప్ నంబరు ఒక్కటే. "విదేశీ శాస్త్రవేత్తలు తేల్చిండ్రు" అన్నరు, ఏ దేశమోళ్లు, ఎంతమంది మీద చూసిండ్రు, ఏమీ లేదు. నష్టం గురించి ఒక్క ముక్క లేదు. పురుగుల మందు డబ్బా మీద కూడ ఎరుపో పసుపో రంగు గుర్తేసి, మింగితే విరుగుడేందో రాస్తరు. ఈ పొడికి ఆపాటి నిజాయితి కూడ లేదు.

నన్ను ముంచింది మాత్రం మీటర్ ఫోటో. పొడి తాగకముందు 310, తాగినంక 98. ఒక్కపొద్దు చూసిన లెక్క అది. రాత్రి తినకుంట పండుకుంటె, ముందునాడు గోలీ వేసుకుంటె, అంకె దిగొచ్చు. ఒక్కరోజు టమాట ధర చూసి యాడాదంతా లాభమనుకున్నట్టు మోసపోయిన. సగటు చూసే పరీక్ష కాయితం వాళ్లు ఒక్కటి కూడ పెట్టలే.

ఇంకో సంగతి. షుగర్ పూర్తిగ నయం చేస్తమని ప్రకటన ఇచ్చుడే తప్పని 1954ల చట్టం చేసిండ్రు, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమంటరు. అంటె ఆ హెడ్డింగ్ చూసిన్నాడే నేను ఫోన్ మూసెయ్యాలె.

ఈ లెక్క చూసేది మనమొక్కలమే కాదు. ఇంగ్లండ్ల ఆక్స్‌ఫర్డోళ్లు ఆరోగ్య సమాచారాన్ని జోకనీకి డిసర్న్ అని 16 ప్రశ్నలు తయారు చేసిండ్రు. అండ్ల నాకు నచ్చింది: ఏ వైద్యం చేసుకోకుంటె ఏమైతదో రాసిండ్రా? ఇంక తేలని సంగతులేందో ఒప్పుకున్నరా? జెనీవాల హాన్ అనే సంస్థ మంచి వెబ్‌సైట్లకు ముద్ర ఇస్తుండె, 2022ల ఆ పని బందైంది. ఇప్పుడు ఎక్కడన్న ఆ బొమ్మ కనబడితే పాత సంచికి కుట్టిన పాత ట్యాగ్ అనుకోవాలె.

నా బాధ ఏందంటె, మంచి సమాచారం ఎక్కువ ఇంగ్లీషులున్నది, మోసం మాత్రం చక్కటి తెలుగుల మాట్లాడుతది. మన తార్నాకలనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది, 2024ల దేశం మొత్తానికి తిండి గురించి 17 సూచనలు ఇచ్చింది. మనూర్ల ఎంతమందికి తెలుసు? కరోనప్పుడు గూడ గిట్లనే అయింది. కోవాగ్జిన్ మన శామీర్‌పేట పక్కన తుర్కపల్లి జీనోమ్ వ్యాలీల తయారైతుంటె, ఆ గేటు ముంగటికెల్లి రోజు కూరగాయల బండి తోలే నేను, టీక మీద పుకార్లు వాట్సాప్‌ల చదివి రెండు నెలలు ఏసుకోలే.

ఇగ అసలు మాట. ఆ లింకు నిన్న తీసేసిన. కని అది చూసి మీల ఎవరన్న పొడి తెప్పించుకొని ఉంటె, గోలీలు బంద్ పెట్టి ఉంటె, ఇంట్లోళ్లకు చెప్పకుంట నా లెక్క దాచిపెట్టి ఉంటె, రేపు పొద్దుగాల మీ దగ్గరున్న సర్కారు దవాఖానకు పోయి రక్తం చూపెట్టుకోండ్రి. రాత్రి చెప్పులిడిసినంక అరికాలు, వేళ్ల సందులు లైటు పెట్టి చూసుకోండ్రి, నొప్పి లేదని ఊకోకండ్రి. పోయొచ్చినంక నాకొక్క మెసేజ్ పెట్టుండ్రి. తిట్టినా సరే.