ముందు మగ్గం, తర్వాతే ఎమ్మారై

నడుము నొప్పితో వచ్చే వేటపాలెం నేత కార్మికులు ఎమ్మారై కవరు నా ముందు పెట్టి, "గుజ్జు అరిగిపోయిందన్నారండీ" అంటారు. అది విప్పకముందే, రోజుకు ఎంతసేపు మగ్గంలో కూర్చుంటారని అడుగుతాను. రోగి చేసే పనేమిటో అడగమని 1700లోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని వైద్యులకు చెప్పాడు.

పుట్టినప్పుడు మనకు వెన్నుపూసలు 33. కింది పూసలు పెద్దయ్యేసరికి అతుక్కుపోగా, కదిలేవి 24 మిగులుతాయి: మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5. నడుము పైనున్న ఒంటి బరువంతా దిగేది నడుము చివరి పూసల మీదికే. పూసల మధ్య డిస్కులో నడుమ మెత్తని గుజ్జు, చుట్టూ గట్టి పీచు ఉంటాయి. పెద్దయ్యాక ఆ గుజ్జుకు రక్తనాళాలుండవు. పక్క పూసల నుంచి ఊరే పోషకాలే దానికి ఆధారం. బరువు పడుతూ, తగ్గుతూ ఉంటేనే అందులోకి నీరు వచ్చిపోతుంది. 1960ల్లో స్వీడన్ వైద్యుడు నాకెమ్సన్ డిస్కులోకి సూది పంపి ఒత్తిడి కొలిచాడు. నిలబడ్డప్పటి కంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడే అది ఎక్కువని తేలింది. గుంట మగ్గం మీద నాడె ఆడించే మనిషి పొద్దంతా కూర్చునేది అలాగే.

యాభై దాటిన ఒక నేతగాడికి పిరుదు నుంచి పాదం దాకా ఒకటే లాగుడు. ఎవరో చెప్పారని వారాల తరబడి మంచం దిగలేదు. కాలి బొటనవేలిలో బలం ఉంది, మూత్రం మామూలుగానే వస్తోంది. "లేచి నడవండి, పెద్దాయనా" అన్నాను. డిస్కు నుంచి బయటికి పొంగి కాలి నరాన్ని నొక్కే గుజ్జును చాలామందిలో శరీరమే నెమ్మదిగా కరిగించుకుంటుంది. రెండు నెలల్లో ఆయన మళ్లీ మగ్గం ఎక్కాడు.

జీడిపప్పు ఒలిచే ఒకావిడదీ అదే నొప్పి. కానీ కూర్చునే చోట స్పర్శ లేదు, మూత్రం బిగుసుకుపోయింది. వెన్నుపాము నడుము మొదట్లోనే ముగుస్తుంది. అక్కడి నుంచి దిగే నరాల కట్ట నలిగితే ఆలస్యం పనికిరాదు. ఆ రాత్రే ఆపరేషనుకు గుంటూరు పంపాను. ఈ రెండు లక్షణాలు ఇంటింటా తెలియాలి.

నొప్పే లేనివాళ్ల ఎమ్మారైలోనూ ఉబ్బిన డిస్కులు కనిపిస్తాయి. మగ్గం మాత్రం ఏ ఫిల్ములోనూ కనిపించదు. అరగంటకోసారి లేవమని చెప్పడం నాకు తేలికే. నేసినదాన్ని బట్టే కూలి వచ్చే మనిషికి లేచిన ప్రతిసారీ డబ్బు తగ్గుతుంది. నేయించేవాళ్లూ, సహకార సంఘాలూ మగ్గానికి వీపు ఆనే పీట అమర్చి, ఆ కాస్త విరామాన్నీ కూలిలో లెక్కకడితే, నేను రాసే మాత్రలు చాలావరకు తగ్గుతాయి.