జీను లేని గుర్రమెక్కి... ముంచింగిపుట్టు కొండల్లోకి!

అరకు వెళ్లొచ్చామని స్టేటస్ పెట్టేవాళ్లలో చాలామంది బొర్రా గుహలు, కాఫీ తోటలు, బొంగులో చికెన్ దగ్గరే ఆగిపోతారు. పాడేరు నుంచి పెదబయలు మీదుగా ఇంకా ముందుకెళ్తే, ఒడిశా సరిహద్దులో ముంచింగిపుట్టు వస్తుంది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇదో మండలం. నేను వెళ్లింది సంత రోజున. జీపులు, ఆటోల పక్కన చెట్లకు కట్టేసిన గుర్రాలూ కనిపించాయి.

బీచ్‌లో ఫొటో కోసం ఎక్కే గుర్రాల్లాంటివి కావు. పొట్టిగా, గట్టిగా ఉండే తట్టువలు. పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా, కాఫీ గింజల బస్తాలు కొండ మీంచి దించడం, ఉప్పు, నూనె, బియ్యం పైకి మోయడం వీటి డ్యూటీ. వీపు ఖాళీగా ఉంటే మనిషి ఎక్కుతాడు. జీను లేదు, కాళ్లు పెట్టుకునే రికాబులు లేవు. మడతపెట్టిన గోనెసంచి, మూతికి కట్టిన తాడు... అంతే!

అరవై దాటిన ఓ పెద్దాయన తన గుర్రం మీద నన్ను ఊరిదాకా తీసుకెళ్తానన్నాడు. ఆయన తాడు పట్టుకుని ముందు నడిచాడు.

బైక్ నడిపే అలవాటుంటే ఇక్కడ పనికిరాదు. పడిపోతామన్న భయంతో మోకాళ్లు బిగిస్తాం కదా, గుర్రం దాన్ని ‘పద’ అన్నట్టు అర్థం చేసుకుంటుంది. నడక వేగం పెరుగుతుంది, మనం ఎగిరెగిరి పడతాం. “కాళ్లొదిలీ బాబూ... ఒళ్లు బిగించకు. అదే మోస్తాది” అన్నాడు పెద్దాయన. వదిలాక తెలిసింది మజా. దాని ఒంటి వెచ్చదనం, ప్రతి అడుగుకీ కదిలే కండరాలు నేరుగా మనకి తెలుస్తాయి. అది ఆగబోతోందని ఆగకముందే తెలిసిపోతుంది. ఎక్కుడులో ముందుకు వంగి జూలు పట్టుకోవాలి. లేదంటే వెనక్కి జారతాం.

ఇక కష్టాలు. గంటకే తొడలు ఒరుసుకుపోయాయి. పరుగందుకుంటే వెన్నెముక లెక్క తేలుతుంది. గుర్రానికీ సుఖం కాదు. జీను మన బరువును దాని వీపంతా సర్దుతుంది. అది లేకపోతే మన పిరుదుల ఎముకలు రెండూ ఒకేచోట నొక్కుతాయి. అందుకే మెడ వెనక గూడు దాటగానే కూర్చోవాలి, నడుం మీద కాదు. ఎక్కువసేపు ఎక్కకూడదు. బాగా ఏటవాలుగా దిగే చోట పెద్దాయన నన్ను దింపేశాడు. “జారితే దానికీ పోద్ది, నీకూ పోద్ది.”

రికాబులు చైనాలో వాడుకలోకి వచ్చింది సుమారు 4వ శతాబ్దంలో. అంతకుముందు వేల ఏళ్లు మనుషులు ఇలాగే, కాళ్లు వేలాడేసుకునే తిరిగారు. ఇక్కడ మాత్రం ఇది సరదా కాదు, రోడ్డు లేక.

ఊళ్లో కూర్చున్నాక పెద్దాయన కోడలి కాన్పు సంగతి చెప్పాడు. గుర్రం వాకిట్లోనే ఉన్నా, నలుగురు డోలీ కట్టి కిందికి మోశారట. “గుర్రం బస్తా మోస్తాది. నొప్పులు పడే మనిషిని మోయలేదు కదా!” ఈ మండలాన్ని ఆనుకుని పారే మాచ్‌ఖండ్ నది నీళ్లతో 1955 నుంచి కరెంటు తయారవుతోంది. ఆ ఊరికి మాత్రం ఇంకా బండి వెళ్లదు.

“రోడ్డొస్తే గుర్రాన్ని అమ్మేస్తావా తాతా?” అనడిగాను.

“ముందు రానీ బాబూ. అప్పుడు దీన్ని కూకోబెట్టే మేపుతాను” అని నవ్వాడు.

మీరూ వెళ్తే: యజమానిని అడక్కుండా ఎక్కొద్దు. వీపు మీద పుండున్నా, బస్తాలున్నా అసలే వద్దు. ఒళ్లు బరువైతే పక్కన నడవండి. ఫుల్ ప్యాంటు, హెల్మెట్ మర్చిపోవద్దు. వానల్లో బాటలు జారతాయి, చలికాలమే మేలు. డబ్బుల దగ్గర బేరమాడకండి. ఆ రోజు దాని పని ఆపి మీకిస్తున్నారు.