హత్య జరిగిన రైలు కోసం వెళితే...

ఇస్తాంబుల్ వెళ్ళిన ప్రతివాడూ మసీదులు చూస్తాడు, బజార్లో బేరాలాడతాడు, బాస్ఫరస్‌లో పడవెక్కుతాడు. నేను మాత్రం పెట్టె హోటల్లో పడేసి తిన్నగా రైల్వే స్టేషనుకి పోయాను. నవ్వకండి! సస్పెన్స్ సినిమాల పిచ్చి వున్నవాడికి సిర్కెజీ స్టేషనంటే పుణ్యక్షేత్రం కిందే లెక్క. 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్'లో ఆ రైలు బయల్దేరింది యిక్కణ్ణించే కదా మరి!

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. యుగోస్లావియాలో రైలు మంచులో కూరుకుపోతుంది. తెల్లారేసరికి ఓ కూపేలో కోటీశ్వరుడొకడు కత్తిపోట్లతో చచ్చి పడివుంటాడు. కిటికీ తెరిచే వుంది గాని, బయట మంచు మీద ఒక్క అడుగు జాడ లేదు! అంటే చంపినవాడు యింకా పెట్టెలోనే వున్నాడన్నమాట. అదే పెట్టెలో మన డిటెక్టివ్ హెర్క్యూల్ పువారో కూడా వున్నాడు. ఆ తర్వాతది నేను చెప్పను. చెబితే చూడనివాళ్ళు నన్నూ అదే రైలెక్కించి పంపేస్తారు!

అగాథా క్రిస్టీ యీ నవల 1934లో వెలువడింది. మంచులో చిక్కుకోవటం కేవలం కల్పన కాదు. 1929లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ టర్కీలోనే చెర్కెజ్‌కోయ్ దగ్గర మంచులో రోజుల తరబడి ఆగిపోయింది. 1931 డిసెంబరులో వానలకి పట్టాలు కొట్టుకుపోయి క్రిస్టీ ఎక్కిన రైలే నిలిచిపోయింది. ఆవిడ వూరుకోకుండా తోటి ప్రయాణికుల తీరుతెన్నులన్నీ భర్తకి పెద్ద ఉత్తరం రాసిందట. రచయిత్రుల పక్క బెర్తులో కూర్చునేటప్పుడు కాస్త జాగ్రత్తండోయ్!

మన ఫస్ట్‌క్లాసు కూపేలో ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకి ఆ పెట్టె ఎలా వుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఓ పక్కన సన్నటి నడవ, అన్ని తలుపులూ దాన్లోకే. నడవ చివర కండక్టరు కుర్చీ. ఎవరు తలుపు తీసినా అతని కంట పడాల్సిందే. కథకి బలమంతా ఆ కుర్చీలో వుంది. దాన్ని తీసేస్తే అది వట్టి రైలు హత్య.

1974లో దీన్ని సినిమాగా తీసిన సిడ్నీ ల్యూమెట్‌కి యిరుకు గదులు కొత్తేం కాదు. 1957లో '12 యాంగ్రీ మెన్' మొత్తం దాదాపు ఒక్క గదిలోనే నడిపించాడు. కథ ముదిరేకొద్దీ లెన్సులు మార్చుతూ, కెమెరా కిందికి దించుతూ ఆ గది మన మీదికి ముంచుకొస్తున్నట్టు చేశాడు. ఇక రైల్లోకి వచ్చేసరికి తారల్ని కుక్కేశాడు! ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్‌కి మొదట రాజకుమారి పాత్ర యివ్వబోతే ఆవిడ వద్దని, బెరుకు బెరుకుగా మాట్లాడే మిషనరీ పాత్రే కావాలని పట్టుబట్టింది. పువారో ప్రశ్నలు వేస్తుంటే కట్ అన్నదే లేకుండా సాగే ఆ ఒక్క పొడుగాటి షాటుతో ఆస్కార్ ఎగరేసుకుపోయింది.

సరే, స్టేషను సంగతి. 1890లో కట్టింది. గుండ్రటి రంగుటద్దాల కిటికీలు, ఎర్ర యిటుకల చారలు, చూడ ముచ్చటగానే వుంది. చిన్న మ్యూజియంలో ఆ రైలు తాలూకు వెండి సామాను కూడా పెట్టారు. బెంచీ మీద కూర్చుని, సినిమాలో వాళ్ళంతా రైలెక్కిన ప్లాట్‌ఫారం ఏదా అని వెతుక్కున్నాను. ఎంత వెతికినా దొరకదు. ఎందుకంటే ఆ సీను తీసింది పారిస్ దగ్గర ఓ రైలు షెడ్డులో! మంచు ఫ్రాన్సులోని జురా కొండల్ది. పెట్టెల లోపలి దృశ్యాలు ఇంగ్లండు స్టూడియోలోవి. 2017లో కెన్నెత్ బ్రానా మళ్ళీ తీసినప్పుడైతే ఇస్తాంబుల్‌కి బదులు మాల్టా చూపించారు.

పాపం సిర్కెజీకి వేషమే దొరకలేదా అంటే, దొరికింది. 1963లో 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' కోసం షాన్ కానరీ యిక్కడికొచ్చాడు. ఒక్క స్టేషనునే యిస్తాంబుల్‌గానూ, బెల్‌గ్రేడ్‌గానూ, జాగ్రెబ్‌గానూ చూపించేశారు. త్రిపాత్రాభినయం! అదే కానరీ పదకొండేళ్ళ తర్వాత ల్యూమెట్ రైల్లో అనుమానితుడు. పారిస్ నుంచి వచ్చే అసలు రైలు 1977లో ఆగింది. 2013 నుంచి ఐరోపా వెళ్ళే మామూలు రైళ్ళూ యిక్కణ్ణించి బయల్దేరటం మానేశాయి. నా పక్కన బెంచీ మీద ఓ పిల్లి నిద్రపోతోంది, అంతే.

అక్కణ్ణించి పెరా పాలెస్ హోటలు. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికుల కోసమే కట్టిన హోటలు. ఇనుప లిఫ్టు చూస్తే ఏ హంతకుడో దిగివస్తాడనిపిస్తుంది. 411వ నెంబరు గది క్రిస్టీ గది, నవల అందులోనే రాసిందని ప్రచారం. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. నవల భర్తకి అంకితమిస్తూ ఆవిడ వేసిన వూరు ఇరాక్‌లోని అర్పాచియా. ఆయన తవ్వకాలు జరిపిన చోటు. సంవత్సరం 1933. పైగా నవల్లో పువారో దిగేది పెరా పాలెస్‌లో కానే కాదు, టొకాట్లియాన్ హోటల్లో!

ఇంకో మాట. సినిమా మొదట్లో పేపరు ముక్కలతో ఓ పసిబిడ్డ అపహరణ చూపిస్తారు, గుర్తుందా? అది 1932లో అమెరికాలో విమానవీరుడు లిండ్‌బర్గ్ కొడుకు ఎత్తుకుపోబడిన కేసుకి నీడ. ఆ కేసులో పోలీసులు పదేపదే ప్రశ్నించిన ఓ పనిమనిషి విషం తాగి చచ్చిపోయింది. ఆమెకేమీ సంబంధం లేదని తర్వాత తేలింది. ఈ సంగతి తెలిశాక మళ్ళీ సినిమా చూశాను. చచ్చినవాడెవరు, చంపిందెవరు అన్నదాని కంటే, ఆ పేపరు ముక్కల్లో వచ్చిపోయే ఆ పిల్ల ముఖమే కళ్ళల్లో నిలిచిపోయింది. నవలలోనూ అలాంటి అమాయకురాలొకర్తె వుంది. ఆవిడకి మాత్రం ఏ హోటల్లోనూ గది లేదు.

సాయంత్రం టొకాట్లియాన్ కోసం ఇస్తిక్లాల్ వీధిలో నడిచాను. భవనం వుంది. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, బోర్డుల వెనక నగిషీలు. ఓ కొట్టతన్ని పట్టుకుని, "అగాథా క్రిస్టీ హోటలు యిదేనా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. అతను ఎంతో జాలిగా నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చి, వచ్చిన దారే చూపించాడు.

"ఇది కాదు బాబూ! అలా తిన్నగా పో. పెరా పాలెస్!"