అనిపించడం కాదు, జరిగింది

మా ఫిర్యాదుకు జవాబుగా నిన్న కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. మొదటి పేజీ చివర ఆ మాట: ‘ఆలస్యం జరిగిందని మీకు అనిపించినందుకు చింతిస్తున్నాం.’ అనిపించడమేమిటి? 2025 జనవరిలో మా అమ్మాయికి సాయం కోసం దరఖాస్తు పెట్టాను. అందిందని వాళ్లే మెయిల్ పంపారు. మే దాకా ఒక్కరూ మా గడప తొక్కలేదు.

ఇంగ్లండులో మేం దత్తత తీసుకున్న బిడ్డ మా అమ్మాయి. మూడేళ్లప్పుడు మా ఇంటికొచ్చింది. ఇప్పటికీ తిండి దాచుకుంటుంది. ఉతకడానికి దిండు గలేబు తీస్తే సగం కొరికిన చపాతీ, బిస్కెట్ల పొడి, ఓసారి ఎండి రాయిలా అయిన ఇడ్లీ. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి అరుస్తుంది. దగ్గరకు తీసుకున్నా కాసేపు మమ్మల్ని పోల్చుకోదు. ఇలాంటి పిల్లలకు చికిత్స ఇప్పించడానికి 2015 నుంచి ప్రభుత్వ నిధి ఉంది. కానీ ఆ డబ్బు కోసం తల్లిదండ్రులు నేరుగా రాసుకోలేరు. కౌన్సిల్ వాళ్లు వచ్చి చూసి, అవసరం ఉందని రాసి, వాళ్లే అడగాలి.

ఏ కౌన్సిల్ అన్నదే మా గొడవ. దత్తత ఉత్తర్వు వచ్చాక మూడేళ్ల వరకు, బిడ్డను మనకిచ్చిన కౌన్సిలే చూసుకోవాలి. ఆ తర్వాత మనం ఉంటున్న ఊరి కౌన్సిల్. మా ఉత్తర్వు 2022 ఏప్రిల్‌లో వచ్చింది. నేను అడిగేనాటికి ఇంకా మూడు నెలలు మిగిలున్నాయి. బిడ్డనిచ్చిన కౌన్సిల్ వాళ్లు అవి గడిచేదాకా కదలకుండా కూర్చుని, ‘ఇక మీ ఊరివాళ్లను అడగండి’ అన్నారు. మా ఊరివాళ్లేమో, ‘గడువులోపే అడిగారు కదా, వాళ్లదే బాధ్యత’ అన్నారు. ఈలోగా ఏప్రిల్‌లో ఒక్కో బిడ్డకు ఏడాదికి 5000 పౌండ్ల దాకా ఇచ్చే సాయాన్ని ప్రభుత్వం 3000కు దించింది. ఇదీ నాకు అనిపించిందేనా?

నిజం చెప్పాలంటే ఇక్కడి ఫిర్యాదు పద్ధతి చూసి మొదట ముచ్చటపడ్డాను. మొదటి దశకు పది పనిదినాల్లో జవాబివ్వాలి. తృప్తి లేకపోతే రెండో దశలో విచారణాధికారి, ఆయన పక్కన కౌన్సిల్‌తో సంబంధం లేని మరో మనిషి. మామూలుగా 25, ఎంత సాగదీసినా 65 పనిదినాలు. ఆపైన ముగ్గురు సభ్యుల ప్యానెల్. అదీ కాకపోతే అంబుడ్స్‌మన్, పైసా ఖర్చు లేకుండా. నల్లగొండలో సోమవారం ప్రజావాణికి పొద్దున్నే పోయి, కాగితం పట్టుకుని వరసలో నిలబడ్డ మాకు ఇది గొప్పగానే కనిపిస్తుంది. అయితే ప్రజావాణిలో మనిషి ముఖం చూసి మన కష్టం చెప్పుకోవచ్చు. ‘మీకు అనిపించినందుకు’ అని అక్కడ ఏ అధికారీ నాతో అనలేదు.

పెద్దవూరలో మా అమ్మకు ఫోన్‌లో చెబితే, ‘దాసుకోనియ్యి బిడ్డా. దానికంటూ ఓ డబ్బ పెట్టు. ఎప్పుడు బుద్ధైతే అప్పుడు తీస్కొని తింటది’ అంది. పెట్టాను. నీలం మూత డబ్బా, మంచం పక్కనే. రెండు వారాల్లో దిండు గలేబు శుభ్రపడింది. సాగర్ రోడ్డు దాటి ఎక్కువ దూరం పోని మా అమ్మకు తట్టింది, వీళ్లకు అయిదు నెలల్లో తట్టలేదు. కానీ రాత్రి అరుపులకు అమ్మ దగ్గరా మందు లేదు. వాటికి చదువుకున్న మనిషే కావాలి, అందుకే కదా అడిగింది.

మా నాన్న మండలాఫీసులో అర్జీ ఇస్తే ముట్టినట్టు సంతకం పడేదాకా అక్కణ్ణించి కదిలేవాడు కాదు. ఆ సంతకం విలువ మా వైపు వాళ్లకు తెలుసు. దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో పేద లంబాడా తల్లుల దగ్గర ఆడపిల్లల్ని తీసుకుని, చదవలేని కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్న రోజులున్నాయి. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లోని కొన్ని దత్తత సంస్థల బండారం బయటపడింది. పేదరికం పేరుతో బిడ్డల్ని వదులుకోవడాన్ని అప్పుడు ప్రభుత్వం నిషేధించింది. ఆ తల్లుల చేతిలో ఏ రసీదూ లేదు. తేదీలు లేవు. ఎవరి మీద, ఎక్కడ ఫిర్యాదు చేయాలో చెప్పిన నాథుడు లేడు. నా దగ్గర జనవరి మెయిల్ ఉంది, చదువుంది. ఇన్ని ఉండి కూడా నేను ఊరుకుంటే ఎట్లా?

ఇక్కడ దత్తత తీసుకున్న మనవాళ్లు కొందరు, ‘ఫిర్యాదు చేస్తే పిల్లను లాక్కుంటారేమో’ అని నోరు మెదపరు. 2002 నాటి దత్తత చట్టం ప్రకారం ఉత్తర్వు వచ్చాక ఆ బిడ్డ మీకు పుట్టినట్టే. సాయం అందలేదని అడిగినంత మాత్రాన ఎవరూ తీసుకుపోరు. తేదీలు రాసి పెట్టుకోండి, ప్రతి మెయిల్ దాచుకోండి. జరిగిన ఏడాదిలోపే ఫిర్యాదు చేయండి.

మా ఫిర్యాదును రెండో దశకు పంపమని ఈ పొద్దున రాశాను.