కల్లు సీసాలో అల్ప్రాజోలం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఆసుపత్రులకు హఠాత్తుగా ఫిట్స్ వచ్చాయనో, రెండు రాత్రులుగా నిద్ర లేక ఒళ్లంతా వణుకుతూ లేనివారితో మాట్లాడుతున్నారనో తీసుకువచ్చే రోగులను చూసినప్పుడు, మెదడు స్కానింగు రాయడానికి ముందే వైద్యుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: కల్లు తాగే అలవాటు ఉందా, ఉంటే ఎప్పుడు మానేశారు? కల్లును మద్యంగా లెక్కించని ఇళ్లలో, ముఖ్యంగా వృద్ధులు, స్త్రీల విషయంలో, ఈ సంగతి అడిగితే తప్ప బయటపడదు. గాలి సోకిందని భావించి కుటుంబం అప్పటికే విలువైన సమయాన్ని పోగొట్టుకొని ఉండవచ్చు.

చెట్టు ఇచ్చే కల్లు గిరాకీకి చాలనిచోట నీళ్లు, తీపి కోసం శాకరిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలం కలిపి అమ్మడం తెలంగాణలో పాత జాడ్యం. తన చెట్ల కల్లును కల్తీ లేకుండా అమ్ముకునే గీత కార్మికుణ్ణి ఈ నేరంలోకి లాగడం అన్యాయం.

డయాజెపామ్, అల్ప్రాజోలం రెండూ బెంజోడయాజెపైన్లు, అంటే ఆందోళనను తగ్గించే మందుల కుటుంబానికి చెందినవి. మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అణచే రసాయనమైన గాబా తన గ్రాహకాన్ని తాకినప్పుడు క్లోరైడ్ అయాన్లు కణంలోకి ప్రవేశించి దానిని శాంతింపజేస్తాయి. ఈ మందులు ఆ గ్రాహకంపై వేరొక చోట అతుక్కొని గాబా పనిని బలపరుస్తాయి. మెదడులో ఇవి అతుక్కునే స్థానాలను 1977లో డెన్మార్క్‌లో స్క్వైర్స్, బ్రేస్ట్రప్, బాసెల్‌లో మోలర్, ఒకాడా వేర్వేరుగా గుర్తించారు. ఆ గ్రాహకాలలోనూ ఆల్ఫా-1 ఉపభాగం ఉన్నవి మత్తుకు, ఆల్ఫా-2 ఉన్నవి ఆందోళన తగ్గడానికి ముఖ్యమని 1999, 2000లలో జన్యుమార్పిడి ఎలుకలపై జరిగిన పరిశోధనలు సూచించాయి.

ఈ మందు ప్రతిరోజూ అందుతూ ఉంటే మెదడు దానికి తగ్గట్టు తనను మార్చుకొని గాబాకు స్పందించడం తగ్గిస్తుంది, ఉద్రేకపరిచే గ్లుటమేట్ వ్యవస్థ బలపడుతుంది. అప్పుడు కల్లు ఒక్కసారిగా ఆగితే, బ్రేకు అరిగిన బండి వాలులో పడ్డట్టు మెదడు అదుపు తప్పుతుంది. సగం మోతాదు రక్తం నుంచి తొలగడానికి అల్ప్రాజోలానికి సుమారు 11 గంటలే పడుతుంది గనుక ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, ఫిట్స్, భ్రమలు మొదలవుతాయి. డయాజెపామ్ అయితే మరికొన్ని రోజులు ఆలస్యం కావచ్చు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు రోగులు పోటెత్తడానికి కారణం ఇదే. సరఫరాను ఆపిన రోజే చికిత్సకు కూడా ఏర్పాటు చేయకపోవడం క్షమించరాని లోపం.

చికిత్సలో అదే కుటుంబానికి చెందిన డయాజెపామ్‌ను ఇచ్చి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. కాలేయం దెబ్బతిన్నవారికి లోరజెపామ్ మేలు. సీసాలో ఎంత మందు కలిసిందో ఎవరికీ తెలియదు కనుక, మోతాదును రోగి లక్షణాలనుబట్టే నిర్ణయించాలి. మళ్లీ మత్తు బిళ్లలేనా అని బంధువులు అనుమానించడం సహజమే. విసుక్కోకుండా విడమరచి చెప్పకపోతే, వారు మూడో రోజునే మందు మాన్పిస్తారు, ఫిట్స్ తిరిగి వస్తాయి. పూర్తిగా మానినవారికి మరొక హెచ్చరిక తప్పనిసరి: మెదడు ఆ మందును తట్టుకునే శక్తిని కోల్పోయి ఉంటుంది గనుక, మునుపు అలవాటైన అవే సీసాలు ఇప్పుడు, ముఖ్యంగా సారాతో కలిసినప్పుడు, శ్వాసను ఆపివేయగలవు.