మైదుకూరులో ఆ మొదటి గంట

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో బస్సు దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఒక దారి కడపకు, ఒకటి కర్నూలుకు, ఒకటి బద్వేలుకు, ఒకటి ప్రొద్దుటూరుకు. పసుపు బస్తాలేసుకున్న ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. గుండెపోటు వైద్యంలో ఈమధ్య వచ్చిన కొత్త పద్ధతులు ఇలాంటి ఊళ్లలో మనిషి ప్రాణానికి ఏ మేరకు అక్కరకొస్తున్నాయో చూద్దామని వచ్చాను.

ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీల దగ్గర అప్పటికే వరుస కట్టారు. డ్యూటీ డాక్టరు నన్ను ఈసీజీ తీసేచోటికి తీసుకెళ్లారు. ఒక మంచం, మిషను, రోల్ కాగితం. "ఛాతీ నొప్పని ఎవరొచ్చినా పది నిమిషాల్లో ఈ కాగితం నా చేతిలో ఉండాల" అన్నారాయన. గీత కొన్నిచోట్ల గుట్టలా పైకి లేచిందంటే గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి పూర్తిగా మూసుకుపోయిందని అనుమానించాలి. దీన్నే డాక్టర్లు 'స్టెమీ' అంటారు. అక్కణ్నుంచి నిమిషాలు గడిచేకొద్దీ గుండె కండరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంటుంది.

వెంటనే యాంజియోగ్రామ్ చేసి, బెలూన్‌తో నాళం తెరిచి స్టెంటు వేయగలిగితే అంతకన్నా మంచి వైద్యం లేదు. దానికి క్యాథ్‌ల్యాబ్ కావాలి. ఇక్కణ్నుంచి కడపే సుమారు 40 కిలోమీటర్లు. పల్లె నుంచి మైదుకూరు చేరే దారి దానికి అదనం. ఈ దూరంలో పోయే ప్రాణాలను నిలబెట్టే మందు టెనెక్టెప్లేస్. పాత మందు స్ట్రెప్టోకైనేజ్‌ను అరగంట నుంచి గంటసేపు ఎక్కించాలి. ఇది మనిషి బరువును బట్టి ఒకే మోతాదు, కొన్ని సెకన్లలో నరానికి ఇచ్చేయవచ్చు. నాళాన్ని మూసిన రక్తపు గడ్డ కరిగి రక్తం మళ్లీ పారితే, రోగిని పెద్దాసుపత్రికి చేర్చే వ్యవధి దొరుకుతుంది. రక్తస్రావం ప్రమాదం ఉంటుంది కనుక ఈమధ్య పక్షవాతం వచ్చిందా, ఆపరేషన్ ఏదైనా అయిందా అని ముందే అడిగి తెలుసుకుంటారు.

ఈ ఇంజక్షన్ ఖరీదు 40 వేల రూపాయల దాకా ఉంటుంది. మన రాష్ట్రంలో 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం కింద దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. చిన్నాసుపత్రిలో తీసిన ఈసీజీని దూరాన ఉన్న గుండె డాక్టరు చూసి సలహా చెబుతారు. ఇలా చిన్నాసుపత్రులను పెద్దాసుపత్రికి ముడివేసే పద్ధతిని తమిళనాడులో 2,420 మంది రోగులతో పరీక్షించారు. ఏడాదిలోపు చనిపోయినవారు అంతకుముందు నూటికి 17.6 మంది ఉంటే, ఆ తర్వాత 14.2కు తగ్గారు. 2017లో వెలువడిన ఈ ఫలితంలో కొత్త మందు కన్నా వేగంగా కదిలిన చేతుల పాలే ఎక్కువని నాకనిపిస్తుంది.

గుండెపోటు నుంచి బయటపడి, మందుల కోసం వచ్చిన ఒక పసుపు రైతు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఎట్ల తెలిసిందన్నా?" అని అడిగాను.

"పసుపు అమ్మనీకి వచ్చింటి సార్. ఎద పట్టేసినట్టయింది, చెమట్లు. గ్యాసేమోలే అనుకొని కూడలిలో సోడా తాగితి. చెట్టుకింద పండుకొంటి. గంటన్నర అట్లే పాయ." కొడుకు వచ్చి తీసుకొచ్చాడట. ప్రాణం దక్కింది కానీ గుండె మునుపటంత బలంగా లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. "తూము పూడిపోతే కాలవలో ఎన్ని నీళ్లుండి ఏం లాభం సార్? ఆ తూము బిన్నా తీసింటే పైరు బతికుండు" అన్నాడు. కేసీ కాలవ కింద సేద్యం చేసే మనిషి. ఏ పాఠ్యపుస్తకమూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

గుండెజబ్బు పట్నపోళ్లకే వస్తుందన్న నమ్మకం ఎప్పుడో చెల్లిపోయింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఒక ఏడాదిపాటు మరణాలన్నిటినీ ఒక పరిశోధన కోసం నమోదు చేశారు. 1,354 మరణాల్లో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాల వాటా 12 మాత్రమే.

మధ్యాహ్నం పక్క పల్లెలో ఆశా కార్యకర్త వెంట తిరిగాను. అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ బీపీ చూస్తోంది. "సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి, దానిమీద ఊరగాయ. ఉప్పు తగ్గించమంటే వినరు సార్" అంది. నాకు సిద్దిపేట గుర్తొచ్చింది. అక్కడి ఏడు పల్లెల్లో బీపీ ఉన్న 502 మందితో చేసిన పరిశోధన 2021లో వెలువడింది. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వాడినవారికి మూడు నెలల్లో పై బీపీ, మామూలు ఉప్పు వాడినవారి కన్నా 4.6 పాయింట్లు ఎక్కువ తగ్గింది. రుచి చంపుకోనక్కరలేదన్నమాట. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టర్ని అడగకుండా ఆ ఉప్పు ముట్టకూడదు.

సాయంత్రం కూడలికి తిరిగొచ్చి, ఆ రైతు చెప్పిన సోడాబండి వెతుక్కుంటూ వెళ్లాను. నిమ్మకాయ సోడా కొట్టిస్తూ ఆయన సంగతి కదిపాను. బండాయనకు బాగా గుర్తుంది.

"అప్పట్నుంచి ఎద నొప్పని ఎవురొచ్చినా నేను సోడా ఇయ్యను సార్" అన్నాడు సీసా కడుగుతూ. "108కి ఫోన్ కొడతా. రావడం ఆలస్యమైతే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తోలిస్తా."